మైలేజీ తగ్గని ఊరు

ఇకనుంచి మున్సిపాలిటీ బళ్లన్నీ ఇథనాల్ కలిపిన పెట్రోలు మానేసి, అచ్చంగా మన చెరకు ఇథనాల్‌తోనే నడుస్తాయని, మైలేజీ వెంట్రుకవాసి కూడా తగ్గదని మా సాంతా ఎలిజియా మేయర్ తార్సీజియో గారు చర్చి ముందు ప్రకటించారు. బ్రెజిల్ మొత్తంలో ఇంతటి దార్శనికుడు మరొకరు లేరని మున్సిపాలిటీ డ్రైవర్లమంతా చప్పట్లు కొట్టాం.

నేను నడిపేది రోగుల వ్యాను. రిటైరైన చెరకు కూలీ ఒసోరియోనీ, మరో నలుగురినీ వారానికి మూడుసార్లు డెబ్బై కిలోమీటర్ల అవతలున్న పెద్దాసుపత్రికి డయాలసిస్ కోసం తీసుకెళ్తాను. లీటరుకి పది కిలోమీటర్లు ఇచ్చే బండి మొదటి వారమే ఏడుకి దిగింది. ఎత్తుల మీద మాత్రం మునుపటికన్నా బాగానే లాగుతోంది. రెండు సంగతులూ మేయర్ గారికి చెప్పాను.

ఆయన నొచ్చుకున్నారు. "బండిదేం తప్పు లేదు జెనీవాల్. రోడ్డునే ఎవరూ సరిగ్గా కొలవలేదు."

మర్నాడు ఇంజనీరు వచ్చి ఊరి పొలిమేరలో పెద్దాసుపత్రికి 70 అని ఉన్న బోర్డు పీకించి, 100 అని ఉన్నది పాతించాడు. మైలేజీ మళ్లీ పదికి ఎక్కింది. బండిలో మీటరు ఇంకా డెబ్బై అనే చూపిస్తోందని మనవి చేసుకున్నాను. అది పెట్రోలు కాలం నాటి మీటరు, పాత అభిమానం పోదు అంటూ దానిమీద ప్లాస్టర్ వేయించారు.

కొత్త దూరం ఆసుపత్రికీ చేరింది. ఎనభై కిలోమీటర్లు దాటి ఉండేవాళ్లకి అక్కడ డయాలసిస్ కార్డు ఇవ్వరు. ఆ నెల గడువు తీరి కొత్త కార్డు తీసుకోవాల్సింది ఒసోరియో ఒక్కడే. అతన్ని రెండువందల నలభై కిలోమీటర్ల దూరంలోని వేరే ఆసుపత్రికి పొమ్మన్నారు. మా వ్యాను అటు పోదు.

ఒసోరియోని మేయర్ గారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన లేచి, కుర్చీ వేసి, కాఫీ తెప్పించారు.

"నలభై ఏళ్లు ఆ రోడ్డు పక్కనే చెరకు నరికాను నాయనా. అది డెబ్బయ్యే. ఆ ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వు" అన్నాడు ఒసోరియో.

మేయర్ గారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "రాసిస్తే మైలేజీ పడిపోతుంది పెద్దాయనా."

ఒసోరియో నా వైపు చూశాడు. నేను బూట్లు చూసుకున్నాను. డాక్టరు నీళ్లు కూడా కొలిచి తాగమన్నాడు కాబట్టి, కాఫీ ముట్టకుండానే లేచాడు.

రెండు వారాలు బస్సులో వెళ్లాడు. మూడో వారం బస్టాండులో కనిపించలేదు.

ఇప్పుడు వ్యానులో నలుగురే. బరువు తగ్గిందేమో, లీటరుకి ఇంకో అరకిలోమీటరు ఎక్కువే వస్తోంది. ఈ విజయం గురించి మేయర్ గారు శుక్రవారం విలేకరులతో మాట్లాడతారు.