నాలుగు కాళ్ల కుర్చీ ఉద్యోగం

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది నలుగురు: చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో ఆర్డర్లు రాసుకునే అమ్మాయి, ఆమె తల్లి, తండ్రి, ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో టోకెన్లు పిలిచి రిటైరైన నాయనమ్మ. మధ్యాహ్నానికి ఆ లెక్క ఎంతయిందో నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

అమ్మాయికి ఆ రోజు సెలవు. మర్నాడు పదింటికి ఇంకో పెద్ద ప్రెస్సులో ఇంటర్వ్యూ. కిందటి నెల ఒకచోట "మీకు ఎలాంటి ఉద్యోగం కావాలి?" అని అడిగితే "మీ ఇష్టమండీ" అని వచ్చింది. వాళ్ల ఇష్టం వేరే అమ్మాయి అయింది. ఈసారి అలా కాకుండా, తనకేం కావాలో ముందే రాసుకోవాలని టీ తాగి కూర్చుంది.

ఆ ఇంట్లో కాగితమంటే ప్రెస్సులో మిగిలిపోయిన ఆర్డరు ఫారాలే. నాలుగేళ్లుగా నింపీ నింపీ, ఫారం కనిపిస్తే ఆమె చెయ్యి ఊరుకోదు. విషయం దగ్గర 'ఉద్యోగం' అనీ, చిరునామా దగ్గర ఇంటి చిరునామా, ప్రతుల దగ్గర 'ఐదు వందలు' అనీ రాశాకే అసలు సంగతికి వచ్చింది. ఒకటి, కిటికీ పక్క కుర్చీ. రెండు, ఆ కుర్చీకి నాలుగు కాళ్లు. మూడు, టీ చల్లారకముందే తాగే వీలు. నాలుగు, ఆరింటికి ఇల్లు. ఐదు, ఎవరూ అరవకూడదు. ఆరు, అరిస్తే తర్వాత సారీ చెప్పాలి. ఏడు అని అంకె వేసి, అక్కడ ఏమీ తోచక, తలస్నానానికి వెళ్లింది.

తండ్రి బల్ల మీద ఫారం చూశాడు. ఒకరి ఆర్డరు ఇంకొకరు చదవకూడదని కూతురే ఇంట్లో అందరికీ నేర్పింది కనుక చదవలేదు. "మతిమరుపు పిల్ల" అనుకుంటూ స్కూటరు తీసి, ప్రెస్సుకు వెళ్లి, ట్రేలో పెట్టి వచ్చాడు. ప్రెస్సులోనూ ఎవరూ చదవలేదు. ఎవరి కరపత్రంలోనో తప్పు దిద్ది తిట్లు తిన్న రోజున ఓనరు గోడ మీద 'చదవొద్దు, వెయ్యి' అని రాయించాడు. మెషిను మనిషి వేశాడు. వేసిన ఐదు వందల కరపత్రాలూ ఎప్పటిలాగే పంచడానికి బస్టాపులో పేపర్లమ్మే ఆయన చేతికి వెళ్లాయి.

పదకొండింటికి బెల్లు మోగింది. తల్లి తలుపు తీస్తే ఫైలు పట్టుకున్న మనిషి.

"ఉద్యోగం ఇక్కడేనాండీ?"

"ఏ ఉద్యోగం?"

"కుర్చీదండీ. నాలుగు కాళ్లది."

ఆయన వెనకాల ఇద్దరు, వాళ్ల వెనకాల ఐదుగురు. అమ్మాయి ఇంకా ఆరని తలతో వచ్చి ఆయన చేతిలోని కరపత్రం చదివింది. బల్ల దగ్గరికి పరుగెత్తింది.

"నాన్నా! బల్ల మీద కాగితం ఏదీ?"

"ఇచ్చేసొచ్చానమ్మా. థాంక్సులేం వద్దులే."

"వాళ్లకి నిజం చెప్పి పంపించెయ్యవే" అంది తల్లి. కొత్తవాళ్లను చూస్తే గొంతు పెగలని అమ్మాయి వంటింటి తలుపులోంచి పెరట్లోకి జారుకుంది. ఈలోగా నాయనమ్మ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుంది. పాత క్యాలెండరు చింపి టోకెన్లు పంచుతోంది.

"వరసలో రండి! తోసుకున్నవాళ్లు చివరికి పోతారు."

"అత్తయ్యా, ఇక్కడ అసలు ఉద్యోగమే లేదు!"

"ఆసుపత్రిలో మాత్రం డాక్టరుండేవాడా? ముందు వరసంటూ ఉండాలే అమ్మాయ్."

ఎవరైనా దొడ్డిదారిన వస్తారేమోనని తల్లి పెరటి తలుపు గడియ పెట్టేసింది. దాంతో అమ్మాయి సందు చుట్టి వీధిలోకి వచ్చింది. ముందుకు పోబోతే "వెనక్కెళ్లమ్మా, మేమేం పనిలేక నిలబడ్డామా?" అన్నారు. చేసేది లేక చివర నిలబడింది.

ముందున్న బట్టతల ఆయన వెనక్కి తిరిగాడు. "మీరూ దీనికేనా?"

"ఆఁ... అవునండీ."

"నేను పెద్ద ప్రెస్సు మేనేజర్ని. రేపు పదింటికి ఎవర్నో ఇంటర్వ్యూ కూడా చెయ్యాలి. పన్నెండేళ్లయింది, నా గదికి కిటికీయే లేదు. అది సరే, ఏడోది ఖాళీగా వదిలేశారు చూశారా? మీరైతే ఏం రాస్తారు?"

అమ్మాయి కరపత్రం వైపు చూసింది, వరస వైపు చూసింది.

"చదవనివ్వాలండీ. అచ్చు వేసేముందు ఎవరో ఒకళ్లని చదవనివ్వాలి. ఒక్కళ్లు చదివుంటే ఇవాళ మనమంతా ఈ ఎండలో నిలబడేవాళ్లం కాదు."

కొత్త మనిషితో ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు. మేనేజరు కరపత్రం తిప్పి చూశాడు.

"ఇది మీదా?"

"నాదేనండీ. రేపు పదింటికి వచ్చేదీ నేనే."

"ఇంటర్వ్యూకి రావద్దు" అన్నాడాయన. అమ్మాయి వరస వదిలి వెళ్లబోయింది. "తిన్నగా పనికే వచ్చెయ్యండి. చదివేవాళ్లే కరువు మాకు. కిటికీ మాత్రం అడక్కండి. ఉంటే నేనే తీసుకునేవాణ్ని."

అమ్మాయి ఈసారి ఎవరి మాటా వినకుండా గుమ్మం దాకా పరుగెత్తింది. లోపల గోడ గడియారం ఒంటిగంట కొడుతోంది.

"నాయనమ్మా, ఉద్యోగం..."

"ఇచ్చేశాం. మీ ఓనరుకిచ్చాను. పాపం, పదేళ్లుగా నిలబడే భోంచేస్తున్నాట్ట."

ఆ గోడ రాత రాయించాక ఓనరు చదివిన మొదటి ఆర్డరు ఇదే; దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కిటికీ పక్కన ఆమె కుర్చీలోనే కూర్చుని వేడి టీ తాగుతున్నాడు.

"లోపలికి రానీ, నేనే, నాయనమ్మా!"

"తెలుసులేవే. టోకెనేదీ?"

"లేదు."

"టైమైపోయింది. రేపు రా" అని నాయనమ్మ తలుపు వేసేసింది.

రేపు ఆమెకు ఖాళీ లేదు.