మామ చెవి

శనివారం ఉదయం శేషాద్రి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా ఆఫీసు. తరువాత తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణిలో దిగడం. మామగారింట్లో భోజనం. సాయంత్రం భార్య దేవసేనను వెంటబెట్టుకుని తిరిగి రావడం. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదు.

దేవసేన పుట్టింటికి పోయి చాలా రోజులైంది. జగడమేమీ లేదు. పోయేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పి పోయింది.

"మా నాయన మీ పని గురించి అడిగినప్పుడంతా నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఇది కూడా ఒక పనే అని ఆయన నోటితో ఒక్కసారి అనిపించండి. ఆ పొద్దే వచ్చేస్తా."

శేషాద్రి పని అట్లాంటిది మరి. తిరువళ్ళూరులో ఎరువుల అంగడి పైన మేడ మీద ఒక విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియో ఉంది. పేరు స్వర్ణమాయా. మెట్ల దగ్గర బోర్డు మీద నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ. లోపల ఎవరూ ఎన్నడూ డ్రాగన్‌ను చేసింది లేదు. అవి చేసేవాళ్ళు వేరే దేశాల్లో ఉంటారు. వీళ్ళకు వచ్చేది తుడిచే పని. ఎగిరే హీరో నడుముకు కట్టిన తాడు తుడవాలి. రాజుల కాలం సినిమాలో కరెంటు స్తంభం తుడవాలి. హీరో పొట్ట కొంచెం తుడవాలి, తుడిచిన సంగతి హీరోకు కూడా చెప్పకూడదు. పని బాగా చేస్తే చేసినట్టే తెలియదు. తెలిసిందంటే బాగా చేయలేదని అర్థం.

శేషాద్రి బాగా చేసేవాడు. అదే అతనికి వచ్చిన కష్టం.

మామ చెంగల్వరాయుడికి తిరుత్తణి బజారులో మళిగ అంగడి. పప్పు, బెల్లం, చింతపండు. తక్కెట్లో పెడితే ముల్లు కదిలేదే ఆయన లెక్కలో వస్తువు. పెళ్ళయిన కొత్తలో అల్లుడిని టీవీ ముందు కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఇందులో నువ్వు చేసిందేది అల్లుడా?"

"ఇదో, ఇప్పుడు ఎగిరినాడే, ఆయన నడుముకు తాడుండింది మామా."

"యాడుంది తాడు?"

"లేదు మామా. తీసేసినా."

మామ లేచి టీవీ దగ్గరికి పోయి చూశాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "ఉండేదాన్ని లేకుండా చేసేదానికి జీతమా? మా అంగట్లో ఎలకలు జీతం లేకుండా చుమ్మానే చేస్తా ఉండాయి గదప్పా!"

ఆ ఎలకల మాట చుట్టాలందరికీ చేరింది. పెళ్ళిళ్ళలో పందిట్లో శేషాద్రి కనబడగానే ఎవరో ఒకరు ఎలకలు బాగున్నాయా అని అడిగేవారు.

ఆ శనివారం మాత్రం మామ గడప దగ్గరే ఎదురొచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. అత్త మునెమ్మ ఆకులు వేసి వడ్డించేదాకా కూడా ఆగలేదు.

"అల్లుడా, నేను సినిమాలో చేసినా."

"ఎప్పుడు మామా?"

"పోయిన నెల. బస్టాండు వెనక సందులో షూటింగు. నేను గొడుగు పట్టుకోని బేంకి నుంచి వస్తా ఉండా. ఆ హీరోయిన్ నడిచి పోతా ఉంది. మలుపులో నిలబడి చూసినా. కెమెరా నన్ను చూసింది. నేనూ దాన్ని చూసినా. ఒక్కరైనా పక్కకు పొమ్మని అన్లేదు. మూడు సెకన్లు వస్తానంట. ఆ పని మీ స్టూడియోలోనే జరగతా ఉందని షూటింగు మేనేజరు చెప్పినాడు."

మునెమ్మ గరిటె పట్టుకుని అందుకుంది. "ఆర్.కె.పేటలో మా అన్నోళ్ళకు, చెల్లెలోళ్ళకు అందరికీ చెప్పేసినాము. మొదటి రోజే అందరం పొయ్యేది."

"అంగడి ముందర ఫ్లెక్సు కూడా కట్టేసినా" అన్నాడు మామ. "ఒక పక్క సుబ్రహ్మణ్యస్వామి, ఒక పక్క నేను. వెండితెర మీద మన చెంగల్వరాయుడు అని. కింద మీ ఓనరు ఫోటో కూడా వేయించినా. ఇన్నాళ్ళకు మీ ఆఫీసుకు పనికొచ్చే పని ఒకటి వచ్చిందప్పా!"

దేవసేన ముఖం వెలిగిపోయింది. "సినిమా చూసినాక నాయన ఇంక ఆ ఎలకల మాట ఎత్తడు. అది చూసుకోనే వస్తా" అని మొగుడి చెవిలో చెప్పింది.

శేషాద్రి సంతోషంగా రసం కలుపుకుంటూ పక్కకు చూశాడు. మామ కుడి చెవి కనబడింది. పై అంచున చిన్న గాటు. తమ్మెకు ఎప్పుడో కుట్టిన రంధ్రం సాగి పొడుగైంది. లోపలినుంచి తెల్లవెంట్రుకల కుచ్చు ఒకటి బ్రష్షులాగా బయటికి నిలబడి ఉంది.

అతని చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. ఆ చెవి అతనికి బాగా తెలుసు.

అది దెయ్యం సినిమా. పగలు తీసి రాత్రిగా మార్చే షాటు. ఈ వీధిలో మనిషి వాసన కూడా ఉండకూడదని డైరెక్టరు రాసి పంపాడు. మలుపులో ఎవడో నిలబడి కెమెరా వైపు చూస్తున్నాడు. శేషాద్రి తుడిచాడు. తుడిచేటప్పుడు బొమ్మను ఎంత పెద్దది చేసుకుంటారంటే, తెర నిండా ఒక్క చెవే ఉంటుంది. మనిషి ఎవరో, వీధి ఏదో కనబడదు. అన్నిటికన్నా వెంట్రుకలు కష్టం. ఆ కుచ్చు ఒక్కటే అతని వారాన్ని తినేసింది. ఆ చెవి గురించి అతనికి తెలిసినంత మునెమ్మకు కూడా తెలియదు.

"ఏమప్పా, రసం బాగలేదా?" అని మునెమ్మ అడిగింది.

"బాగుందత్తా" అన్నాడు శేషాద్రి. ఏం తిన్నాడో తెలియదు. సాయంత్రం ఒక్కడే రైలెక్కాడు.

సోమవారం స్టూడియో ఓనరు మోహన్‌కుమార్ ముందు నిలబడి జరిగింది చెప్పాడు.

"పాత షాటు తీసి పెట్టేయ్" అన్నాడు మోహన్‌కుమార్.

"డిస్కు నిండిపోయిందని తుడవకముందుండే పాతవంతా మీరే డిలీట్ చేయమన్నారు సార్."

"అయితే మీ మామకు నిజం చెప్పేయ్. వర్క్ ఈజ్ వర్క్."

శేషాద్రి ఫోనులో ఫ్లెక్సు ఫోటో చూపించాడు. మోహన్‌కుమార్ దానిని దగ్గరికి తీసుకున్నాడు. కింద మూలలో పూలదండల నడుమ తన ముఖం. పక్కన స్వర్ణమాయా అధినేత అని రాసి ఉంది. ఆయన్ని అంతవరకు ఎవరూ అధినేత అనలేదు. ఇంట్లో అసలే అనలేదు.

"పాపం, పెద్దాయన" అన్నాడు. "వీధి లైటు వెలుగు తగ్గించమని ఆ షాటు మనకే తిరిగి వచ్చింది గదా. తగ్గించి పంపేటప్పుడు మీ మామను కూడా పెట్టి పంపేయ్. ఇక్కడికి పిలిచి కొత్తగా షూట్ చేద్దాం. మూడు సెకన్లు. ఎవరు చూస్తారు?"

శేషాద్రి తిరుత్తణికి ఫోను చేశాడు. "మామా, డైరెక్టరుకు మీ నటన రొంబ నచ్చిందంట. ఇంకొకసారి చేయించమన్నారు."

అవతల మామ గొంతు సవరించుకున్నాడు. తరువాత, "నాకు తెలుసప్పా" అని వినబడింది.

బుధవారం మామ వచ్చాడు. అదే చొక్కా, అదే గొడుగు. తల మాత్రం నున్నగా గుండు. దాని మీద గంధం మెరుస్తోంది.

"మామా, జుట్టు?"

"కొండెక్కి ఇచ్చేసి వస్తా ఉండా. ఇంత పెద్ద చాన్సు ఇచ్చిన స్వామికి జుట్టైనా ఇయ్యద్దా?"

కంప్యూటరులో జుట్టు చేసే రమ్యశ్రీ ఆ గుండును చూసి నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

గోడకు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. దాని ముందు నిలబెట్టి తీస్తే మనిషిని విడిగా కత్తిరించుకోవచ్చు. అయితే గుడ్డలో సగం మోహన్‌కుమార్ కారుకు కప్పి ఉంది, కాకులు పాడు చేస్తున్నాయని. మిగిలిన సగం మామ మోకాళ్ళ దాకానే వచ్చింది. పరవాలేదు, షాటులో కాళ్ళకు అడ్డంగా కూరగాయల బండి ఉంటుందన్నాడు శేషాద్రి.

"ఆ పొద్దు ఎట్ల నిలబడినారో అట్లే నిలబడండి మామా."

"అది ఎట్లప్పా అవుతుంది? ఆ పొద్దు నేను నటిస్తా ఉండానని నాకే తెలీదు. ఇప్పుడు తెలుసు గదా."

కెమెరా ముందు రెప్ప వేయకూడదని బజారులో ఎవరో ఆయనకు చెప్పారు. ఆయన రెప్ప వేయలేదు. కెమెరాను గుచ్చి చూస్తూ ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నెమ్మదిగా నవ్వాడు. పళ్ళన్నీ కనబడేదాకా నవ్వాడు. నవ్వొద్దని అల్లుడు ఎట్లా చెప్పగలడు?

ఆయన రైలెక్కాక అసలు పని మొదలైంది.

"కొత్త జుట్టు చేయాలంటే నెల పడుతుందన్నా" అంది రమ్యశ్రీ. "తలనూనె అడ్వర్టైజ్‌మెంటుకు చేసిన జుట్టు ఒకటి రెడీగా ఉండాది. పెట్టనా?"

పెట్టింది. మామ తల మీద నల్లటి జుట్టు భుజాల దాకా దిగి, అలలు అలలుగా ఊగింది.

"ఊగకుండా చెయ్యలేవా?"

"ఊగేదానికే గదన్నా అది చేసింది. నిలపాలంటే మళ్ళీ మొదట్నుంచి."

"సరి, కానీ. బండి యాడ?"

"ఏ బండి?"

"కాళ్ళకు అడ్డం రావాల్సిన కూరగాయల బండి."

రమ్యశ్రీ అతని వైపు చూసింది. "అది మీరే తుడిచినారు గదన్నా, మొదటి వారంలోనే."

మోహన్‌కుమార్ వచ్చి చూశాడు. కాళ్ళు లేని చోట కొంచెం చీకటి పూయమన్నాడు. నీడ సంగతి అడిగితే, రాత్రి పూట నీడేమిటన్నాడు. షాటు పోయింది. డైరెక్టరు కారులో పోతూ ఫోనులో చూసి లైటు బాగుందని జవాబిచ్చాడు.

మొదటి రోజు తిరుత్తణి థియేటరులో చుట్టాలు వరసలు వరసలుగా కూర్చున్నారు. నడుమ మామ. ఒక పక్క మునెమ్మ, ఇంకో పక్క దేవసేన, ఆమె పక్కన శేషాద్రి. అతను మాత్రం బయటికి పోయే తలుపు ఎటుందో చూసుకుని కూర్చున్నాడు.

ఆ వీధి వచ్చింది. నడిరాత్రి. హీరోయిన్ ఒంటరిగా నడుస్తోంది. ఆకు కదలడం లేదు. హాలులో ఎవరూ దగ్గడం కూడా లేదు. మలుపు దగ్గర, నేలకు మూరెడు ఎత్తున, గొడుగు పట్టుకుని చెంగల్వరాయుడు కనబడ్డాడు. గాలి లేని వీధిలో ఆయన జుట్టు మాత్రం అలలు అలలుగా ఊగుతోంది. జనాన్ని చూసి నెమ్మదిగా నవ్వాడు. రెప్ప వేయలేదు.

"అయ్యో, మా ఆయన పోయినాడే!" అని మునెమ్మ మొదట అరిచింది. వెంటనే పక్కకు తిరిగింది. చీకట్లో గుండుతో అదే నవ్వు నవ్వుతూ మొగుడు ఆమెనే చూస్తున్నాడు. రెండోసారి అరిచిన అరుపుకు హాలంతా లేచింది. చుట్టాల్లో కొందరు అట్లే బస్టాండుకు పోయారు.

సినిమా ఆ మూడు సెకన్ల కోసమే ఆడింది. ఆ దెయ్యం చిన్నప్పుడే తన కలలోకి వచ్చిందని డైరెక్టరు టీవీలో చెప్పాడు. మోహన్‌కుమార్ బోర్డు మీద డ్రాగన్‌ను చెరిపించి ఆ నవ్వు వేయించాడు. శేషాద్రి ఇన్నేళ్ళలో చేసిన పనుల్లో జనం చూసింది అదొక్కటే. చూశారంటే బాగా చేయలేదని అతనికి తెలుసు.

మామకు మాత్రం కష్టకాలం వచ్చింది. పొద్దు వాలితే అంగడికి ఎవరూ రారు. పిల్లలు ఆ వీధి వదిలి చుట్టు తిరిగి బడికి పోతున్నారు. ఫ్లెక్సు కింద ఎవరో నిమ్మకాయలు కోసి పడేసి పోయారు. భయపడొద్దని చెప్పడానికి ఆయన ఒకరిద్దరిని చూసి నవ్వాడు. దానితో ఉన్నవాళ్ళు కూడా రావడం మానేశారు. అంగట్లో ఎలకలు కూడా కనబడడం లేదని మునెమ్మ చెప్పింది.

అంతలో సినిమా టీవీకి పోతుందని తెలిసింది. పిల్లలు జడుసుకుంటారు, ఆ మనిషి లేని కాపీ కావాలని టీవీవాళ్ళు అడిగారు. అది చాలా కష్టమైన పని, నెల పడుతుందని మోహన్‌కుమార్ వాళ్ళతో చెప్పాడు.

మరునాడే మామ దేవసేనను వెంటబెట్టుకుని స్టూడియో మెట్లెక్కాడు. గుండు మీద జుట్టు కొంచెం పెరిగింది.

"అల్లుడా, నన్ను తీసేయప్పా. ఇంటింటికీ నేను పోకముందే తీసేయ్."

శేషాద్రి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఉండేదాన్ని లేకుండా చేసేది ఒక పనా మామా?"

"అది పని కాకపోతే ఇంకేదప్పా పని!" స్టూడియో అంతా వినబడేటట్టు అరిచాడు మామ. "అంత పెద్ద పని లోకంలో ఇంకోటి ఉండాదా?"

దేవసేన వరండాలోకి పోయి, తన చీరలు పెట్టెలో సర్దిపెట్టమని అమ్మకు ఫోను చేసింది.

శేషాద్రి కంప్యూటరులో వెతికి ఒక పాత షాటు తెరిచాడు. మామ కళ్ళజోడు తుడుచుకుని, తెరకు ముక్కు ఆనించి చూశాడు. ఖాళీ వీధి. మనిషి లేడు, గొడుగు లేదు, చెవి లేదు.

"అమ్మో, నేనుండిన ఆనవాలే లేదే! అడిగిన గడియలోనే ఎట్ల చేసినావప్పా?"

"మీ కోసరం ముందే చేసి పెట్టినా మామా" అన్నాడు శేషాద్రి.