రిజాల్వర్‌కు వేసిన తాళం

శ్రీమతి వాళ్లక్కగారు ఇల్లు మారుతున్నారు. ఆవిడ బీరువా శ్రీవారి భుజం మీదే మూడో అంతస్తు ఎక్కాలని శ్రీమతి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ ఆదివారం సోఫాలో పడుకుని క్రికెట్ చూడాలని శ్రీవారు అంతకంటే ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.

పొద్దున్నే ఆయన బుర్రలో ఓ మెరుపు మెరిసింది. వెంటనే లినక్స్ లాప్‌టాప్ తెరిచారు. VPN అంటే ఇంటి నుంచి ఆఫీసుకు తవ్విన సొరంగం లాంటిది. లోపల ఏ సర్వర్ ఎక్కడుందో చెప్పేది DNS రిజాల్వర్. దాని నంబరు ఓ చిన్న ఫైల్లో ఉంటుంది. VPN కలిసినప్పుడల్లా ఆఫీసు నంబరు అందులో తనే రాసుకుంటుంది. శ్రీవారు అక్కడ ఎవరిదీ కాని నంబరొకటి రాసి, ఇంకెవరూ మార్చకుండా ఫైలుకు తాళం వేసేశారు. ఆపైన నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు.

“కొంప మునిగిందే! VPN కలుస్తోంది గానీ ఒక్క సర్వరూ దొరకట్లేదు. ఇది సాయంత్రం దాకా తేలదు.”

“అయ్యో! రేపు ఆఫీసెలా మరి?”

“అదే కదా నా బాధ. నువ్వెళ్లు. వదినకి నా మాటగా సారీ చెప్పు.”

“ఇంత కష్టంలో మిమ్మల్ని వదిలేసి ఎలా వెళ్తానండీ?” అంటూ ఆవిడ ఆఫీసు హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది.

శ్రీవారు కట్ చెయ్యబోయేలోపే అవతల ఫోన్ ఎత్తేశారు.

హెల్ప్‌డెస్క్ ఆవిడ మహా ఓపికస్తురాలు. ఓ కమాండ్ కొట్టించి, “తెర మీద ఏమొచ్చింది సార్?” అంది.

“ఏవో... గీతలు.”

“గీతల మధ్యలో ‘i’ అని ఉందండీ,” భుజం మీంచి చదివింది శ్రీమతి.

“అయితే ఫైలుకు తాళం పడింది మేడమ్. అందుకే VPN రాయలేకపోతోంది.”

“తాళం దానంతటదే పడుతుందాండీ?”

“లేదు మేడమ్. అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లెవరో పనిగట్టుకుని వెయ్యాలి.”

“మనింట్లో అదెవరికి తెలుసండీ?” అని శ్రీమతి భర్తనే అడిగింది, ఏమీ ఎరగనట్టు.

“వై... వైరస్సేమో!”

అవతల హెల్ప్‌డెస్క్ ఆవిడకు ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, “ఒక్క లైను కొడితే సరిపోతుంది సార్, సాయంత్రం దాకా ఎందుకు?” అంది.

కొట్టారు. VPN చక్కగా కలిసింది. సర్వర్లన్నీ పలికాయి. శ్రీవారు చెప్పులేసుకున్నారు.

బీరువా కింది కొస ఆయనకే దక్కింది. రెండో అంతస్తు మలుపులో ఇంకో మెరుపు మెరిసింది.

“వదినా! ఆఫీసు నుంచి ఏమొచ్చిందో, పైకెళ్లగానే కాసేపు VPN చూసుకోవాలి. మీ నెట్ పాస్‌వర్డ్ ఏంటి?”

“నెట్ ఇంకా పెట్టించలేదు మరిదిగారూ. సామానంతా ఎక్కేదాకా పెట్టించొద్దని చెల్లి నిన్ననే ఫోన్ చేసింది.”

నిన్ననే! శ్రీవారికి మొదటి మెరుపు మెరిసిందే ఈ పొద్దున!

“మాట్లాడకండీ, ఆయాసం వస్తుంది,” పైనుంచి శ్రీమతి గొంతు ఆప్యాయంగా వినిపించింది. “ఇంకా ఫ్రిజ్ ఉంది.”