దుబాయి సంచిలో గసాలు

సాయంత్రం విమానానికి పొద్దున్నే సంచి సర్దేసి, శైలేష్ నింపాదిగా చాయ్ తాగుతున్నాడు. దుబాయిలో లిఫ్టులు బాగుచేసే పని అతనిది. సెలవు మీద ముంబయి కామాటిపురలోని ఇంటికి వచ్చి కామెర్లతో మంచం పట్టాడు. దుబాయి బయట ఆరు నెలలు దాటితే వీసా పోతుంది. ఆ గడువు రేపటితో ఆఖరు.

అప్పుడే పక్కగది దుర్గయ్య వచ్చాడు. మస్కట్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన మనిషి. గల్ఫ్ సంగతుల్లో ఆ చాల్‌లోని ఒంటిగది ఇళ్లన్నిటికీ ఆయన మాటే చట్టం.

"చెల్లె, కొడుక్కు ఏం కట్టినవ్?"

"కోడికూర మసాలా దంచిచ్చిన అన్నా," అంది శైలేష్ తల్లి బాలమ్మ.

"అండ్ల గసాలు ఏసినవా?"

"ఎయ్యకుంటె కూర చిక్కగ ఎట్లయితది?"

దుర్గయ్య గోడకు చేరగిలబడ్డాడు. "గసాలంటె ఆడ మత్తుమందు లెక్క! ఒక్క గింజ దొరికినా జైలే. ఇగ వీసా ఏంది, నీకు కొడుకే దొరకడు!"

బాలమ్మ చేతిలోని గిన్నె జారింది. కోడలు కవిత సంచి జిప్పు లాగింది. శైలేష్ సంచిలోంచి పొట్లం లాగాడు. అది బెల్టు కొక్కేనికి తగిలి బర్రున చిరిగింది. మసాలా షర్టులన్నిటి మీదా పడింది, సాక్సుల్లోకి కూడా దూరింది.

"దులిపితె పోదా కాకా?"

"ఆడ కుక్కలుంటయ్‌రా. వాసన పడుతయ్."

అంతే, బట్టలన్నీ నల్లా కిందికి చేరాయి. చాల్ ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉతికారు. సంచిని కూడా వదల్లేదు. ఇంటెడు బట్టలు ఉతకడం చూసి, "అయ్యో, ఎవరు పోయిన్రే?" అని కింది అంతస్తు సాయమ్మ ఏడుస్తూ పైకొచ్చింది. సంగతి విన్నాక ఇంకా గట్టిగా ఏడ్చింది.

బయట వాన. ఇస్త్రీ పెడితే ఆవిరి లేచింది తప్ప తడి ఆరలేదు. ఇంతలో టాక్సీ వచ్చింది. ఆ తడి బట్టలనే ప్లాస్టిక్ కవర్లలో కుక్కారు.

దుర్గయ్య పరుగున వచ్చి ఒక డబ్బా చేతిలో పెట్టాడు. "మా బామ్మర్ది షార్జాల ఉంటడు. మీ రత్నా కాకి బెల్లం అనార్సెలు చేసింది. జర అందియ్ బిడ్డా."

టాక్సీ గ్రాంట్ రోడ్ దాటాక ఆకలేసి శైలేష్ మూత తీశాడు. బెల్లం అప్పాల నిండా తెల్లటి సన్న గింజలు.  వెంటనే ఫోన్ చేశాడు.

"కాకా! అనార్సెల మీద ఏమున్నయ్?"

 దుర్గయ్య చేతిలోంచి ఆయన భార్య రత్నాబాయి ఫోను లాక్కుంది. "గసాలు బిడ్డా! మా తమ్మునికి పానమని దండిగ అద్దిన!"

శైలేష్ డబ్బాను టాక్సీ డ్రైవరుకు ఇచ్చేసి, కిటికీలోంచి చేతులు చాపి వానలో కడుక్కున్నాడు.

వీసా దక్కింది. దుబాయిలో అతని సంచి ఎవరూ తెరవలేదు. తెరిచినా తడి ప్యాంట్లు తప్ప దొరికేదేమీ లేదు.