ఎడమకు తిరగని శవయాత్ర

ఆ గురువారం పొద్దున ఎవారిస్తో అనే టాక్సీ డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పోయిన దోన్ ఇలారియోన్ భార్య బసీలియాను కారెక్కించుకోవాలి, శవవాహనం వెనకాలే వెళ్ళాలి, పన్నెండు లోపు శ్మశానం చేరాలి. పెట్టెను గోడగూట్లోకి తోసి సిమెంటుతో మూసే మేస్త్రీ పన్నెండు దాటితే ఎవరికోసమూ ఆగడు. అప్పటికి అతనికి తరవాతి శవం వచ్చి ఉంటుంది.

ఇలారియోన్ మా ఎల్ ఆల్తో ఊళ్ళో పేరుమోసిన మెకానిక్కు. జపాన్ నుంచి దిగే పాత కార్లకు కుడివైపు స్టీరింగు పీకి, మా రోడ్లకు తగ్గట్టు ఎడమవైపు బిగించేవాడు. ఎవారిస్తో కారుకు బిగించిందీ ఆయనే, అతని కూతురికి బాప్తిస్మంలో జ్ఞానపిత అయిందీ ఆయనే. ఏ కారు ఏ మూల మూలిగినా, అందులో ఒక వీధి చుట్టొచ్చి జబ్బు చెప్పేసేవాడు. ఇలారియోన్ చెవి అంటే ఊళ్ళో అంత గురి.

వారం రోజులుగా ఎవారిస్తో కారు ఎడమకు తిప్పితే చాలు, కర్రుమంటోంది. బుధవారం చూపిద్దామనుకున్నాడు. మంగళవారమే ఆయన నిద్రలో పోయాడు. స్టాండులో తోటి డ్రైవర్లు ఓదారుస్తూనే తలా ఒక జబ్బు పేరు చెప్పారు. రాడ్డు అరిగిందన్నాడు ఒకడు, బేరింగు పోయిందన్నాడు ఇంకొకడు. అందరికంటే పెద్దాయన మాత్రం, మార్చి బిగించిన అతుకే విడిపోతోందనీ, ఇంకొక్కసారి ఎడమకు తిప్పితే స్టీరింగు ఊడి చేతిలోకి వస్తుందనీ తేల్చేశాడు. ఆ అతుకు వేసినవాడు పెట్టెలో ఉన్నాడు. ఎవారిస్తోకు ఏడుపూ భయమూ కలిసే వచ్చాయి.

అందుకని మొదటి కూడలిలో శవవాహనం ఎడమకు తిరిగితే అతను కుడికి తిరిగాడు. మూడుసార్లు కుడికి తిరిగితే ఒకసారి ఎడమకు తిరిగినట్టేనని అతని లెక్క. లెక్క తప్పేం కాదు. కానీ వెనక పదకొండు కార్లున్నాయి. మావాళ్ళు శవయాత్రలో శవం వెనక కాదు, వితంతువు వెనక వెళతారు. పదకొండూ కుడికే తిరిగాయి. పాపం ఇలారియోన్ ఒక్కడే ఎడమకు వెళ్ళిపోయాడు.

రెండో మలుపు గురువారం సంతలోకి, అందులోనూ పాత కార్ల సామాను అమ్మే వరసలోకి తీసుకెళ్ళింది. ముందు బంపర్ల గుట్ట, వెనక బంధువులు. నల్లబట్టల్లో దిగి దారి అడిగితే, అమ్మేవాళ్ళు సంతాపం చెప్పి, కారుకేం జబ్బని అడిగారు. అడగడమేమిటి, ఒకతను బానెట్ ఎత్తనే ఎత్తాడు. ఇలారియోన్ బావమరిది వాళ్ళ మాట నమ్మి పాత పంపొకటి కొనేశాడు. పన్నెండుకు పావు తక్కువైంది.

టోపీ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్న బసీలియా అప్పుడు నోరు విప్పింది.

"ఎందుకు నాయనా, అన్నీ కుడికే తిప్పుతున్నావు?"

"ఎడమకు తిప్పితే శబ్దం వస్తోంది వదినా. అన్నయ్య ఉంటే చెప్పేవాడు."

"ఏదీ, తిప్పు."

"ఊడొస్తుందంటున్నారు వదినా."

"ఊడొస్తే నడిచి పోదాం. తిప్పు."

బానెట్ దించి, ఎడమకు తిప్పి బారెడు దూరం కదిపాడు. కర్రుమంది. సంతలో జనం ఇక లాభం లేదన్నట్టు తలలు ఊపారు. బసీలియా కళ్ళు మూసుకుని వింది. దిగి, పావడాలు ఎగదోపుకుని, కుడి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. చక్రం మీది ప్లాస్టిక్ రేకు ఒక చివర ఊడి టైరుకు రాసుకుంటోంది. పుటుక్కున పీకి అవతల పడేసింది.

"అన్నయ్య నేర్పాడా వదినా?" అన్నాడు ఎవారిస్తో, నోరు తెరుచుకుని.

"మీ అన్నయ్యకు ఇరవయ్యేళ్ళుగా రెండు చెవులూ వినపడవు. మనుషులైతే పెదాలు చూసి కనిపెట్టేవాడు. కారుకు పెదాలుండవుగా. నేను వెనక కూర్చుని విని, ఆయన భుజం మీద వేలితో రాసేదాన్ని. చెవిటి మెకానిక్కంటే కార్లెవరిస్తారు?"

ఆ తరవాత ఎన్ని ఎడమ మలుపులు తిరిగినా కారు కిక్కురుమనలేదు. శ్మశానం చేరేసరికి పన్నెండుంబావు. గూడు మూసేశారు. సిమెంటు ఇంకా తడిగానే ఉంది. చివరిచూపు దక్కలేదని బసీలియా గోడకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. ఎవారిస్తో తలెత్తలేకపోయాడు. తరవాత ఆమె కళ్ళు తుడుచుకుని, ఆ తడి సిమెంటు మీద వేలితో 'ప్లాస్టిక్ రేకు' అని రాసింది.

పోయినవాళ్ళ గురించి ఆఖరి మాటలు రాసే చోట కారు జబ్బు రాసి ఉన్న గూడు ఆ శ్మశానంలో అదొక్కటే.