కాల్చుకున్న జడ, కలిసొచ్చిన పుణ్యం

ప్రతి ఇల్లాలూ జీవితంలో ఒక్కసారైనా తన జుట్టు తానే కాల్చుకోవాలి. ఇది సలహా కాదండీ, డిమాండ్!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నా. పార్లర్‌కి వెళ్లి, ఏసీ కింద కూర్చుని, తెలిసినవాళ్ల చేత జుట్టు పాడుచేయించుకోవడంలో గొప్పేముంది? ఇంట్లో, మన బాత్రూంలో, మన ప్లాస్టిక్ గిన్నెలో, మన చేత్తో మనమే బ్లీచ్ కలుపుకుని రాసుకోవాలి. కాలవల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు కాదు లెండి, జుట్టుకు రాసేది వేరే ఉంటుంది. ఫలితం చూస్తే మాత్రం పెద్ద తేడా ఉన్నట్టు నాకనిపించలేదు.

నా పేరు కామేశ్వరి. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే నారాయణరావు గారి భార్యని. కానీ ఊళ్లో ఎవరూ నన్ను అలా గుర్తుపట్టరు. "అదే, ఆ పొడుగు జడావిడ" అంటేనే తెలుస్తుంది. పెళ్లిచూపుల్లో మా ఆయన కూడా జడే చూశారట. మొహం పెళ్లయ్యాక తీరిగ్గా చూసుకున్నారట. ఈ మాట ఆయన అందరికీ మురిసిపోతూ చెబుతారు, నేను పక్కనే ఉండగా!

మొన్న ఎండాకాలంలో మా అన్నయ్య కూతురి పెళ్లి కుదిరింది. జడ చివర కాస్త ఎరుపు రంగు వేసుకుంటే ఎలా ఉంటుందోనని నాకో చిన్న సరదా పుట్టింది. ఫోన్‌లో వీడియో పెట్టిన పిల్ల ఏమందంటే, నల్లజుట్టు మీద రంగు పట్టదు, ముందు బ్లీచ్ రాసి నలుపు తీసేయాలి, అరగంటలో కడిగేయాలి అంది.

అరగంటా? మామిడికాయల ఇంట్లో పుట్టి మామిడికాయల ఇంట్లోనే మెట్టినదాన్ని నేను. రంగు తిరగడం గురించి నాకు ఆ పిల్ల చెప్పాలా? కాయ రంగు తిరగాలంటే గాలి తగలకుండా కప్పెట్టాలి. వెచ్చగా ఉంచాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది!

అందుకని నేనేం చేశానంటే, ఒక్క చివర్లకే ఎందుకని జడంతా పట్టించా. పైన పాలిథిన్ కవరు బిగించా. దాని మీద తువ్వాలు చుట్టా. పెరట్లో కాయలు మాగబెట్టే గది ఉంది కదా, అక్కడ వరిగడ్డి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నా. బయట మే నెల ఎండ, లోపల మామిడిపళ్ల వాసన. హాయిగా నిద్ర పట్టేసింది.

లేచి కవరు విప్పితే ఏముందీ, మాగింది! ఒకచోట నిమ్మపండు రంగు, ఒకచోట ఇనుప తుప్పు రంగు, ఇంకోచోట పాత చీపురు రంగు. నీళ్లు పోస్తే సేమ్యాలా సాగింది. ఆరాక కొబ్బరి పీచైంది. దువ్వెన పెడితే దువ్వెనతోపాటే వచ్చేసింది. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కూర్చుని కాసేపు ఏడ్చాను. అబద్ధమెందుకు, బాగానే ఏడ్చాను.

మా ఆయన వచ్చి చూశారు. అటూ ఇటూ తిప్పి, కాయను చూసినట్టే చూశారు. "సమానంగా మాగలేదే కామేశ్వరీ! కాయైతే జ్యూస్ ఫ్యాక్టరీకి తోలేసేవాణ్ణి" అన్నారు.

మర్నాడు నెత్తి మీద కొంగు కప్పుకుని, ఆటో ఎక్కి, బస్టాండు దగ్గర పార్లర్ పెట్టుకున్న లేయా దగ్గరికి పోయా. ముసునూరు నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే పిల్ల. నోరు కాస్త ఎక్కువే. కొంగు తీయగానే "అమ్మో! ఏంటాంటీ ఇది, స్టవ్ దగ్గర గానీ నిలబడ్డారా?" అని కేకేసింది. పక్క కుర్చీలో ఫేషియల్ చేయించుకుంటున్నావిడ కళ్ల మీది కీరా ముక్కలు తీసేసి మరీ చూసింది.

తర్వాత లేయా పట్టిపట్టి చూసి చెప్పింది. "చూడండాంటీ, రిపేర్ అని రాసున్న సీసాలన్నీ నేనూ అమ్ముతా. కావాలంటే బ్యాగు నింపి పంపిస్తా, నాకేం నష్టం? కానీ కాలిన వెంట్రుక మళ్లీ బతకదు. మెడ పైన మాత్రం బాగానే ఉంది. మెడ దాకా తీసేద్దాం. మళ్లీ కొత్తది వస్తుంది."

మెడ దాకా! ఆ మాట వినగానే నా ప్రాణం ఎంత తేలికపడిందో మీకెలా చెప్పను? అద్దంలో జుట్టు పైకెత్తి పట్టుకుని చూసుకున్నా. బాగున్నా! సరే కానివ్వమ్మా అనబోయి, అలవాటు కొద్దీ "ఇంట్లో ఒక్కమాట అడిగి వస్తా" అన్నా. బ్లీచ్ రాసుకుని నిద్రపోవడం పొరపాటేమీ కాదండీ. అసలు పొరపాటు ఇదీ!

ఇక్కడి నుంచే జుట్టు కాల్చుకోవడం వల్ల కలిగే లాభాలు మొదలవుతాయి. శ్రద్ధగా చదవండి.

అన్నిటికన్నా ముందు, కుటుంబంలో ఐకమత్యం పెరుగుతుంది. ఏ విషయంలోనూ కలవని మావాళ్లంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. కత్తిరించడానికి వీల్లేదు! మా అత్తగారు "ముత్తైదువ జుట్టు మీద కత్తెరా? ఇంటికి మంచిదా అది?" అన్నారు. మా ఆయన "మార్కెట్లో నేను తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నారు. మా అన్నయ్య ఫోన్ చేసి "అది అమ్మ పెంచిన జడే, నీ ఇష్టమొచ్చినట్టు చేయడానికేనా?" అని గొంతు బొంగురు చేసుకున్నాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి హరిత చిన్నప్పుడే బాబ్ కట్ చేయించుకుంది. అది కూడా "నువ్వు వద్దులే అమ్మా, నీకు జడే బాగుంటుంది" అనేసింది.

నా నెత్తి మీద ఇంతమందికి వాటాలున్నాయని ఇన్నేళ్లూ నాకు తెలీనే తెలీదు. తలంటు పోసుకునేటప్పుడు ఒక్కరూ రాలేదే మరి!

ఇక రెండోది ఆరోగ్యం. నా ఆరోగ్యం కాదు, మావాళ్లది. ఇంట్లో ఉన్న పెరుగంతా నా నెత్తికెక్కడంతో అందరికీ జలుబులు తగ్గాయి. మెంతులు, కలబంద, మందారాకు, గంజి, బాగా మగ్గిన అరటిపండు... అన్నీ పైకే! ఇన్ని పుష్టికరమైన పదార్థాలు మా వంటింట్లో ఉన్నాయని నా కడుపుకెప్పుడూ తెలీదు. అరటిపండు మాత్రం వాడకండి. కడిగినా పోదు. మా ఇంటి ముందు ఆవు నన్ను చూసి తాడు లాక్కోవడం మొదలెట్టింది.

కోడిగుడ్డు సంగతి చెప్పాలా? ఏకాదశి నాడు ఉల్లిపాయ కూడా గడప తొక్కని ఇల్లు మాది. అలాంటిది, గుడ్డు సొన రాస్తే జుట్టు నిలుస్తుందని ఎవరో అనగానే మా అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని, "పెరటి దారిన తెప్పించండి, నేను చూడను" అన్నారు. తరతరాల నిష్ఠ కూడా సడలింది గానీ, కత్తెర విషయంలో మాత్రం అంగుళం సడల్లేదు. నా జుట్టు విలువేమిటో నాకు ఆరోజే అర్థమైంది.

బంధుప్రేమ కూడా పెరుగుతుందండోయ్! పోయిన ఏడు నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు "రెస్ట్ తీసుకో" అని వాట్సాప్‌లో దణ్ణం బొమ్మ పెట్టి ఊరుకున్నవాళ్లంతా ఇప్పుడు పనిగట్టుకుని వచ్చారు. జి. కొండూరు నుంచి మా ఆడపడుచు బస్సు మారి మరీ వచ్చింది. రావడం, పట్టుకుని చూడటం, లాగి చూడటం, చేతిలోకొచ్చిన దాన్ని చూసి "అయ్యో అయ్యో" అనడం, కాఫీ తాగడం! వాళ్లు చూడటానికి వచ్చినప్పుడల్లా ఉన్నదాంట్లో కొంత పోయేది.

ఇక మా హరిత ప్రేమ పార్శిళ్ల రూపంలో వచ్చింది. రిపేర్ షాంపూ, రిపేర్ మాస్క్, రిపేర్ సీరం, రాత్రి పూట రిపేర్, పగటి పూట రిపేర్. ఇంట్లో మోటారు పాడైతే ఇంతమంది మెకానిక్కులు దొరకరు కదా! అన్నీ రాశా. పీచు అలాగే ఉంది, వాసన మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది.

ఈ సందర్భంగా మా ఆయన కేశ సంస్కారం గురించి కూడా ఒక మాట మనవి చేసుకోవాలి. ఆయన నెలనెలా తలకీ మీసానికీ నల్లరంగు వేస్తారు. ఒకసారి అది పడక మొహమంతా బూరెలా పొంగింది కూడా. ఎవరైనా మీటింగ్ పెట్టారా? ఆయన తలెత్తుకు తిరగలేకపోయారా? "నారాయణరావు గారు కుర్రాడిలా ఉన్నారు" అని మార్కెట్లో అందరూ మెచ్చుకున్నారు. మగవాడి జుట్టు సొంత ఆస్తి కదండీ, ఏం చేసుకున్నా చెల్లుతుంది.

నేను మాత్రం రోజుకోసారి అడుగుతూనే ఉన్నా. మెడ దాకా అండీ, అంతే. గుండు కాదు కదా! ఉహుఁ. పెళ్లి దగ్గరపడుతోంది. పీచుని ముడేస్తే ముడి నిలవడం లేదు, అల్లితే అల్లినంత మేరా విరుగుతోంది. ఆఖరికి విసుగెత్తి "పెళ్లికి నేను రాను. మీరే వెళ్లి రండి" అని కూర్చున్నా.

అప్పుడు కదిలింది ఇల్లు! అత్త లేకుండా మేనకోడలి పెళ్లేమిటి, నలుగురూ ఏమనుకుంటారు? మా అత్తగారు బాగా ఆలోచించి ఒక దారి చెప్పారు. "అంత తప్పనిసరైతే దేవుడికిచ్చెయ్యి. చిన్న తిరుపతిలో మూడు కత్తెర్లు ఇచ్చి వద్దాం. మొక్కంటే ఎవరూ నోరెత్తరు."

తెలీనివాళ్లకి చెబుతున్నా. ఆడవాళ్లు గుండు చేయించుకోకుండా, మొక్కుగా జుట్టు కొసల్లో మూడుసార్లు కత్తెర వేయించుకోవచ్చు. అందరూ సరేనన్నారు. మరి ఏం మొక్కినట్టు? "ఈ ఏడు కాపు గాలికి రాలకుండా నిలబడాలని" అని మా ఆయన అప్పటికప్పుడు తేల్చేశారు. కాపు అప్పటికే లారీలెక్కి వెళ్లిపోయింది. ఫర్వాలేదు, దేవుడు అర్థం చేసుకుంటాడన్నారు.

చిన్న తిరుపతి, అదే ద్వారకా తిరుమల వెళ్లాం. తలనీలాలు తీసేచోట నా వంతు వచ్చింది. కత్తెర పట్టుకున్నావిడ జుట్టు కొస పట్టుకుంది. "అక్కడ కాదమ్మా" అని చేత్తో మెడ దగ్గర చూపించా. "మూడు కత్తెర్లే వెయ్యి. కానీ ఇక్కడ వెయ్యి."

ఆవిడ నన్ను వదిలేసి మా ఆయన వంక చూసింది. "ఏమండీ, వేయమంటారా?"

నా తల! ఆవిడ కత్తెర! దేవుడి మొక్కు! పర్మిషన్ మాత్రం మా ఆయనది! నా ఒళ్లు మండిపోయింది. మా ఆయన "అబ్బే, కొసలే, కొసలే" అంటూ ముందుకొచ్చారు. ఈలోగా నా వెనక నిలబడ్డ ముసలమ్మ ఎవరో గయ్యిమని లేచింది. "దేవుడికిస్తానంటుంటే అడ్డుపడతావేంటయ్యా? కళ్లు పోతాయి!" లైనంతా ఆవిడతో కలిసింది. అపచారం అన్నారొకరు, మహాపాపం అన్నారింకొకరు. మా ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నారు.

ఒకటి. రెండు. మూడు. పీచంతా కింద పడింది. మెడకి గాలి తగిలింది. ఆహా! ఆ సుఖం మాటల్లో చెప్పలేను.

ఇంటికొచ్చాక చూడాలి మర్యాదలు! లాగి చూసి అయ్యో అన్నవాళ్లే వచ్చి "ఎంత భక్తి కామేశ్వరీ, ఆడదానివై ఉండి అంత జుట్టు ఇచ్చేశావా!" అని చేతులు జోడించారు. అదే మెడ, అదే జుట్టు. లేయా చేస్తే బరితెగింపట, కొండ మీద చేస్తే పుణ్యమట. జుట్టు కాల్చుకున్న తప్పు మాత్రం మొదట్నుంచీ చివరిదాకా ఒక్క నాదేనన్నారు. ఎవరూ వాటాకి రాలేదు. అందుకే అంటున్నా అమ్మల్లారా, కాల్చుకోండి! ఊరికే బాగున్న జుట్టుని, ఊరికే మీకనిపించిందని కత్తిరించుకోవడానికి ఏ ఇంట్లో ఒప్పుకుంటారు?

పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మా అత్తగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎనభై దగ్గరపడ్డ మనిషి. తెల్లటి ముడి ఇప్పటికీ పిడికిట్లో పట్టదు. నా మెడ వంక చాలాసేపు చూశారు. మా ఆయన హాల్లో నిద్రపోతున్నారో లేదో తొంగి చూసి, గొంతు తగ్గించారు.

"నాకూ ఒక మొక్కుందే, కామేశ్వరీ."

"ఏం మొక్కుకున్నారు అత్తయ్యా?"

"అది నువ్వే ఆలోచించి చెప్పు. పెళ్లైన కాడి నుంచీ మెడంతా ఒకటే ఉక్క."