దర్జీ మడమ, ఎర్రదీపం

వరదనీరు బజారు మెట్లెక్కి దిగిన ఏటికి మరుసటి ఏడు, గ్రీష్మప్రతాపమునకు గోడలు సైతము చెమర్చు వేళ, కుట్టుమిషన్ల ఘోషతో దద్దరిల్లు ఒకానొక ఇరుకుసందున, సూచీధరుడును, కర్తరీవీరుడును, ద్విగుణసీవనవ్రతుడును, అనగా ఏ కుట్టునైనను రెండుమార్లు వేయక దారము తెంపనివాడును అగు ముసలి దర్జీ, తన కుడిమడమ పుండుతో ఘోరసంగ్రామమునకు దిగెను. వినుడు!

మడమ మానువరకు మిషను తొక్కరాదని వైద్యుని ఆజ్ఞ. సింహాసనము, అనగా ముక్కాలి స్టూలు, బావమరిది పాలయ్యెను. అతడు కుట్టిన తొలి చొక్కాజేబు మూతి నేలచూపులు చూచెను. పుండు మానకున్న కొట్టు పరువు గంగలో కలియుట ఖాయము.

అప్పుడు ఆసుపత్రివారు ఒక చిన్న ఎర్రదీపమును ప్రసాదించిరి. దాని మృదుకిరణములు గాయపుటంచున కునుకు తీయు చర్మనిర్మాణకణసేనను తట్టిలేపునట! దానికమర్చిన గంట మోగగానే ఆర్పవలెనట! ద్విగుణవ్రతుడు ఊరకుండునా? ప్రతిదినము గంట మోగినపిమ్మట మరల వెలిగించెను. పుండు ఇసుమంతయు తగ్గలేదు.

కట్టు విప్పిన నర్సు నొసలు చిట్లించెను.

"దీపం ఎంతసేపు పెడుతున్నారు, పెద్దాయనా?"

"ఒకటికి రెండు. గట్టిగా ఉంటుందని."

"ఇదేమన్నా గుండీనా? కాస్త వెలుగు పడితే కణాలు లేచి పనిచేస్తాయి. మరీ ఎక్కువైతే డీలా పడిపోతాయి. గంట మోగితే ఆర్పెయ్యండి."

"చెప్పు తల్లీ, పెళ్లైన దగ్గర్నుంచీ నా మాట వింటేగా!" అనెను భార్య.

ఆ సాయంత్రము గంట మోగెను. దీపమారెను. దర్జీ కుడిచేయి తనంతట తానే మీటవైపు పాకెను. అంతలో కొట్టుగానున్న ముందుగదినుండి బావమరిది కేక, పిడుగువలె!

"బావా! ప్యాంటుకి రెండు కాళ్లూ ఒకే పొడుగుండాలా?"

దర్జీ గర్జించెను: "ఓరీ హస్తమా! రాజ్యము కూలుచున్నను మీటను తాకకుము!" అని, ఆ ద్రోహిని తన పిరుదులక్రింద అణచి, పర్వతమువలె కూర్చుండెను.

"చేతిమీద కూర్చున్నారేంటండీ?" అనెను భార్య.

"ఖైదు."

నిత్యము అదే యుద్ధము, అదే ఖైదు. తుదకు కణవీరులు మేల్కాంచి, ఈ గట్టునుండి ఆ గట్టునకు ప్రాకి, పొరపై పొర అల్లి, చిక్కుడుగింజంత ఆ గోతిని పూడ్చిరి. "ఇక తొక్కుకోండి" అనెను నర్సు. జయము! మడమకు జయము!

మరునాటి ఉదయము దర్జీ బావమరిదిని స్టూలుమీదినుండి లేపి, ఆ చొక్కాజేబు విప్పి, మూతి పైకి త్రిప్పి కుట్టెను.

రెండుమార్లు.